ఎర్రసిరాతో కొట్టేసిన పేరు

విశాలాక్షి ఆ ఉత్తరాన్ని చేతిసంచీలో పెట్టుకుని తిరగడం మొదలై నాలుగు రోజులయింది. ఆ నాలుగు రోజులూ ఆమె తార్నాకలో తన పరిశోధనకు గైడు అయిన సోమయాజులు మాస్టారి ఇంటి ఛాయలకు వెళ్లలేదు. లైబ్రరీలో కూర్చుని పుస్తకం ముందు పెట్టుకునేది. సాయంత్రమయ్యేసరికి తెరిచిన పేజీ తెరిచినట్టే ఉండేది.

ఉత్తరం దొరికింది సికింద్రాబాదులో, ఒకప్పటి దొరల క్లబ్బులో. దొరలు వెళ్లిపోయినా వాళ్ల కాగితాలు బీరువాల్లో మిగిలే ఉన్నాయి. బ్రిటిష్ వారి జీవితంలో ఆటలకున్న చోటు గురించి పరిశోధన చేస్తున్న మనిషికి అలాంటి బీరువా కనిపిస్తే కాళ్లు కదలవు. 1938 శీతాకాలపు టెన్నిస్ పోటీల ఫైలు విప్పింది. ఆటగాళ్ల జాబితాలో ఒక పేరు మీద ఎర్రసిరాతో అడ్డంగా గీత. ఎం. వెంకటేశం. పక్కన 'మార్కర్, అనర్హుడు' అని రాసి ఉంది. జాబితాకు గుండుసూదితో గుచ్చిన చిన్న ఉత్తరం: ఫలానా ఆటగాడు మీ క్లబ్బులోనే జీతానికి ఆడే మార్కర్ అని, అతని దరఖాస్తులో ఆ సంగతి దాచారని, ఆట మర్యాద కోరి తెలియజేస్తున్నామని. కింద సంతకం లేదు. ఈ కాగితాలు చెదపురుగులకు తప్ప ఎవరికీ అక్కర్లేదు, పట్టుకుపొమ్మన్నాడు గుమాస్తా.

సంతకం లేకపోతేనేం? ఆ చేతిరాతను విశాలాక్షి చీకట్లో చూసినా గుర్తుపడుతుంది. ఇంగ్లీషు 'టి' అక్షరం మీది అడ్డగీత చివర చేపల గాలంలాంటి చిన్న వంపు. మూడేళ్లుగా తన థీసిస్ కాగితాల అంచుల మీద దిద్దుబాట్లు చేస్తున్న మాస్టారి చెయ్యే అది. ఇక వెంకటేశం అంటే ఎవరో కాదు. క్యాంపస్ టెన్నిస్ కోర్టుల్లో ఇరవై రెండేళ్లుగా మార్కరుగా ఉన్నవాడు. ఒకప్పుడు ఆ దొరల క్లబ్బులోనే పనిచేశానని అతనే ఆమెకు చెప్పాడు. ఆడేవాళ్లకు జత కుదరకపోతే తాను రాకెట్ పట్టుకుని ఎదుట నిలబడేవాడు. ఆట చూడకుండ ఆట మీద ఏం రాస్తవు బిడ్డా అంటూ, సిగ్గుపడుతున్న విశాలాక్షి చేతికి మొదటిసారి రాకెట్ ఇచ్చినవాడు.

అయిదో రోజు ఆదివారం. బౌద్ధనగర్‌లో పిన్నిగారింట్లో కాఫీ గ్లాసు సగంలోనే దించేసి, చెప్పులు వేసుకుని బయల్దేరింది.

సోమయాజులు మాస్టారు వరండాలో పేపరు చదువుతున్నారు. ఆమెను చూడగానే ఆయన మొహం విప్పారింది. నాలుగు రోజులుగా కనపడకపోతే జ్వరమేమో అనుకున్నామని, ఇవాళ మధ్యాహ్నం తానే పిన్నిగారింటికి వద్దామనుకున్నానని చెప్పి, కుర్చీ ముందుకు లాగారు. తరవాత పేపరు ఆమె చేతిలో పెట్టారు. అంతకు వారం కిందట పారిస్‌లో జరిగిన సమావేశం గురించి ఎవరో పెద్ద వ్యాసం రాశారు. ఇకమీదట టెన్నిస్‌లో సరదాకి ఆడేవారూ డబ్బుకి ఆడేవారూ అనే తేడా లేకుండా అందరూ ఒకే పోటీలో దిగవచ్చునట. ఈ జూన్‌లో వింబుల్డన్ తలుపులు కూడా అందరికీ తెరుస్తారట. నీ మూడో అధ్యాయం చివర ఇది చేర్చాలి అమ్మాయ్ అన్నారాయన, తన సొంత ఇంట్లో శుభకార్యం జరుగుతున్నంత సంబరంగా.

ఆ మూడో అధ్యాయం ఆయన దగ్గరుండి రాయించినదే. ఇంగ్లండులో క్రికెట్ మైదానంలోకి సరదాకి ఆడే పెద్దమనుషులు ఒక గేటు నుంచి, జీతానికి ఆడేవారు ఇంకో గేటు నుంచి వచ్చేవారని, స్కోరు కాగితం మీద ఇద్దరి పేర్లూ రాసే తీరు కూడా వేరని, పేరున్న పడవ పందెంలో చేతులతో పనిచేసి బతికేవాడికి చాలాకాలం చోటే లేదని అందులో రాసింది. రాసి, ఇది అన్యాయం కాదా అని ఒక వాక్యం చేర్చింది. మాస్టారు ఆ వాక్యం కొట్టేశారు. పరిశోధకురాలు తీర్పు చెప్పకూడదు అని అంచున రాశారు.

విశాలాక్షి పేపరు మడిచి పక్కన పెట్టింది. సంచీలోంచి ఉత్తరం తీసి ఆయన ఒళ్లో పెట్టింది.

ఆయన చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. నాది కాదని బుకాయిస్తారేమోనని ఆమె భయపడింది. అలా బుకాయిస్తే ఇక ఈ ఇంటి మెట్లు ఎక్కలేననుకుంది. ఆయన బుకాయించలేదు. ఎక్కడ దొరికింది అని మాత్రం అడిగారు. చెప్పింది. ఇంకా ఉంచారా అన్నారు ఆయన, చాలా మెల్లగా.

తరవాత ఎక్కడా ఆపకుండా చెప్పుకొచ్చారు. రాజమండ్రి నుంచి వచ్చి హైదరాబాదులో డిగ్రీ చదువుతున్న రోజులు. ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక ఇంగ్లీషు మేష్టరు చలవ వల్ల క్లబ్బులో సాయంత్రాలు ఆడుకోనిచ్చేవారు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు కూలీ కొడుకు వెంకటేశం అక్కడ మార్కరు. ఇరవై రెండేళ్లవాడు. దొరలందరితో ఆడేవాడు, ఎవరినీ గెలవకుండా జాగ్రత్తపడేవాడు. ఎవరూ లేని మధ్యాహ్నాలు సోమయాజులుతో మటుకు నిజంగా ఆడేవాడు. ఆ మధ్యాహ్నాల్లోనే తనకు ఆట వచ్చిందన్నారు మాస్టారు. ఆ ఏడాది పోటీల్లోకి మనవాళ్లను మొదటిసారి రానిచ్చారు. నువ్వూ దిగు అని వెంకటేశాన్ని తోసింది తానే. అతనికి చదవడం రాయడం రాదు కనక దరఖాస్తు నింపింది తానే. ఆట ద్వారా జీతం తీసుకుంటున్నారా అన్న చోట 'లేదు' అని రాసిందీ తానే. అతను మార్కరని తెలిసిన దొరలు కూడా, మొదటి ఆటలోనే పోతాడులే అని ఆ ఫారం సంగతి పట్టించుకోలేదు. వెంకటేశం ముగ్గురు దొరలను వరసగా ఓడించాడు. సెమీఫైనల్లో తన ఎదుట పడ్డాడు.

ఆ ముందురోజు సాయంత్రం ఇంగ్లీషు మేష్టరు టీకి పిలిచారట. ఆటలో ఓటమిని ఓర్చుకోవచ్చు గానీ అబద్ధాన్ని ఓర్చుకోకూడదు, మా దేశంలో పిల్లలకు మొదట నేర్పేది అదే అన్నారట. ఆయన ఏ ఉద్దేశం లేకుండానే అన్నారు. తాను గదికి వచ్చి ఈ ఉత్తరం రాశారు.

"తప్పు దిద్దుకుంటున్నాననుకున్నాను అమ్మాయ్. ఫారంలో అబద్ధం నాదేగా, నిజం చెప్పి కడుక్కుంటున్నాననుకున్నాను. నిన్నమొన్నటి దాకా అలాగే అనుకుంటూ వచ్చాను."

విశాలాక్షికి ఆయన్ని ఇంకేమీ అడగాలని లేదు. కానీ ఒక ప్రశ్న మాత్రం నాలుగు రోజులుగా ఆమెను వదలలేదు.

"మరి సంతకం ఎందుకు పెట్టలేదు మాస్టారూ?"

లోపల మాస్టారి భార్య పప్పు తాలింపు వేస్తున్న చప్పుడు వినిపించింది. ఆయన ఉత్తరాన్ని మడిచి, విప్పి, మళ్లీ మడిచారు.

"పెడితే ఫారం నింపింది నేనేనని తెలిసిపోయేది. ఇద్దర్నీ గెంటేసేవాళ్లు. అతణ్ని బయటికి పంపి నేను లోపల ఉండిపోయాను. అదీ సంగతి. ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను. అతన్ని నేను ఒక్కసారి కూడా ఓడించలేదు. ఆ సెమీఫైనలు చూడ్డానికి మా నాన్న రాజమండ్రి నుంచి వచ్చి కూర్చున్నాడు."

ఆట ఆడకుండానే ఫైనలు చేరారు. ఫైనల్లో ఒక కెప్టెన్ దొర చేతిలో నలభై నిమిషాల్లో చిత్తుగా ఓడిపోయారు. దొర వచ్చి భుజం తట్టి నువ్వు జెంటిల్మన్‌వి అన్నాడు. ఆ మాటే తరవాత సిఫారసు ఉత్తరంలోకి ఎక్కింది, ఆ సిఫారసుతోనే లెక్చరరు ఉద్యోగం వచ్చింది. వెంకటేశాన్ని మాత్రం మోసగాడని క్లబ్బులోంచి వెళ్లగొట్టారు. ఎనిమిదేళ్ల తరవాత కాచిగూడ స్టేషన్లో తన పెట్టె ఎత్తుకోవడానికి వచ్చిన కూలీ తలపాగా కింద మాస్టారికి ఆ మొహం కనిపించింది. నెల తిరక్కుండా ఎవరెవరి కాళ్లో పట్టుకుని క్యాంపస్ కోర్టుల్లో పని ఇప్పించారు.

ఇదంతా విన్నాక తనకు కోపం రావాలని విశాలాక్షి అనుకుంది. కోపం కోసం ఎదురుచూసింది కూడా. ఎదుట కూర్చున్న మనిషి వానలో తడిసి గుమ్మంలో నిలబడ్డవాడిలా ఉన్నాడు. లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆయన తాగి గ్లాసు కింద పెట్టి లేచారు.

"పద. ఇవాళే చెప్పేయాలి. నువ్వూ రా అమ్మాయ్. ఒక్కణ్నే వెళితే దారిలోనుంచి తిరిగొచ్చేస్తాను. ఇదివరకు రెండుసార్లు తిరిగొచ్చాను."

తార్నాక నుంచి క్యాంపస్ కోర్టుల దాకా ఇరవై నిమిషాల నడక. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. ఆర్ట్స్ కాలేజీ రాతిమేడ కనిపించే మలుపు దగ్గర మాస్టారు ఆగి, చొక్కా చేతుల గుండీలు పెట్టుకున్నారు. ఇంటర్వ్యూకి వెళ్లే కుర్రవాడు అలాగే సర్దుకుంటాడు. విశాలాక్షి తెలియనట్టు అటు తిరిగి నిలబడింది.

కోర్టులో వెంకటేశం ఒక్కడే ఉన్నాడు. మర్నాటి నుంచి తార్నాక టెన్నిస్ సంఘం వారి పోటీలు. నేల తడిపి, చదును చేసి, తాడు కట్టి సున్నంతో గీతలు గీస్తున్నాడు. వీళ్లను చూసి లేవబోతే మాస్టారు వద్దని చెయ్యి ఊపారు. నిలబడే చెప్పారు. పెద్దగా వివరాలేమీ లేవు. ఆ రోజు క్లబ్బుకు చిట్టీ రాసింది నేనే వెంకటేశం అన్నారు. నీ ఫారం నింపిన చేత్తోనే రాశాను అన్నారు.

వెంకటేశం గీస్తున్న గీత ఆపలేదు. మధ్యలో ఆపితే అతుకు కనపడుతుంది. చివరి దాకా గీసి, బకెట్టులో చేతులు కడుక్కుని, భుజం మీది తువ్వాలుతో తుడుచుకుని దగ్గరికి వచ్చాడు.

"నాకు ఎరుకే సార్."

మాస్టారికి వినపడలేదేమోనని విశాలాక్షి అటు చూసింది. వినపడింది.

"సెక్రెటరీ దొర నన్ను పిలిచి మేజ మీద రెండు కాయితాలు పెట్టిండు" అన్నాడు వెంకటేశం. "ఒకటి మీరు నా ముంగట కూసోని నింపిన ఫారం. ఇంకోటి గా చిట్టీ. నాకు చదువు రాదు గని కండ్లున్నయి గద సార్. రెండిట్ల గీత కొసకు గాలం అసొంటి వంపు ఒక్కతీరుగ ఉన్నది. ఒక్క చెయ్యి రాసిందని తెల్సిపోయింది."

ఈ ఫారం ఎవరు నింపారని సెక్రెటరీ దొర అడిగాడట. పేరు చెబితే నిన్ను ఉండనిస్తా అన్నాడట. పోస్టాఫీసు ముందు కూర్చుని ఉత్తరాలు రాసిపెట్టే ముసలాయన చేత రాయించుకున్నానని, జీతం సంగతి అబద్ధం తానే చెప్పానని వెంకటేశం జవాబిచ్చాడు. ఆ ముసలాయన ఎక్కడ ఉన్నాడని అడిగితే చచ్చిపోయాడన్నాడు. ఆ పూటే రాకెట్ గుంజుకుని బయటికి పంపేశారు.

ఇది మాస్టారికి తెలియదు. ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా ఆయన ఊహకు రాలేదు. అక్కడే ఉన్న రోలరు రాతి మీద కూలబడ్డారు.

"ఎందుకట్లా చెప్పావు? నా పేరు ఎందుకు చెప్పలేదు?"

వెంకటేశం తువ్వాలు మడిచి భుజం మీద వేసుకున్నాడు.

"చెప్తే మీ చదువు పోతుండె. నాకు పోయింది నౌకరీ ఒక్కటే. అయినా సార్, కోపం రాలేదనుకోకుండ్రి. మస్తు వచ్చింది. కాచిగూడల పెట్టెలు మోసినన్ని దినాలు మిమ్ముల తిట్టుకున్న. మీరు వచ్చి నన్ను చూసి ఏడ్చిన్రు సూడుండ్రి, గా దినం పోయింది."

"నేను ఏడవలేదు వెంకటేశం."

"ఏడ్చిన్రు. రైలు పొగ అన్నరు గప్పుడు."

మాస్టారు నవ్వబోయారు. ఆ నవ్వు మధ్యలోనే విరిగి, ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. వెంకటేశం వెళ్లి అదే రాతి మీద ఆయన పక్కన కూర్చున్నాడు. ఇరవై రెండేళ్లలో మాస్టారు ఉన్నచోట అతను కూర్చోవడం విశాలాక్షే కాదు, ఎవరూ చూసి ఉండరు. ఇద్దరి భుజాలూ ఆనుకున్నాయి. ఇద్దరి తలలూ నెరిశాయి. ఆమె అక్కడినుంచి కొంచెం పక్కకు జరిగి, వేపచెట్టు నీడలో నిలబడి నెట్ వైపు చూస్తూ ఉండిపోయింది. తన మూడో అధ్యాయంలో ఎన్నో పుస్తకాల పేర్లు ఉన్నాయి. ఇవాళ ఇక్కడ విన్నది వాటిలో ఒక్కదానిలోనూ లేదు.

నిన్న రేడియోలో విన్నానన్నాడు వెంకటేశం. విలాయతులో మార్కర్లు కూడా ఆడొచ్చంటున్నారట, నిజమేనా అని అడిగాడు. నిజమేనన్నారు మాస్టారు.

"నేను మిమ్ముల ఎన్నడు ఏమి అడగలేదు సార్. గీ ఒక్కటి అడుగుత. రేపటి ఆటల నా పేరు రాయుండ్రి."

మాస్టారు తలెత్తి సంఘం గది వైపు చూశారు. ఆ గది గోడ మీద అద్దం బిగించిన నియమాల పటం ఉంది. అందులో ఏడో నియమం, ఆటకు జీతం తీసుకునేవారు పోటీలకు అర్హులు కారని. సంఘం పెట్టిన కొత్తలో, పద్నాలుగేళ్ల కిందట, ఇంగ్లీషు క్లబ్బుల నియమాలు చూసి దాన్ని రాసింది సోమయాజులు మాస్టారే. ఇప్పుడు సంఘానికి అధ్యక్షుడూ ఆయనే. అయినా నియమం మార్చాలంటే కమిటీ ఒప్పుకోవాలి. మార్కరుతో సమానంగా ఆడటానికి కమిటీలో కనీసం నలుగురికి మనసొప్పదు. ఈ మాట మాస్టారు పైకే అన్నారు. అని, లేచి నిలబడ్డారు.

"ఒప్పిస్తాను. సాయంత్రం కమిటీ ఉంది. ఈ ఉత్తరం అందరి ముందూ చదువుతాను. నేనేం చేశానో, నువ్వేం చేశావో చెబుతాను. అది విన్నాక కూడా కాదంటే ఈ సంఘంలో నేనుండను."

"గట్లయితే నా పేరొద్దు."

వెంకటేశం కూడా లేచాడు. అతని గొంతులో అప్పటిదాకా లేని గట్టితనం వచ్చింది. మిమ్మల్ని నలుగురిలో తల దించుకునేలా చేసి నేను ఆడేది ఆట కాదన్నాడు. ముప్పై ఏళ్లు దాచింది ఇందుకోసం కాదన్నాడు. నేను బాగా ఆడతాను కాబట్టి రానివ్వాలి, అంతేగానీ జాలిపడి రానివ్వకూడదన్నాడు. మాస్టారు వినలేదు. ఇన్నాళ్లూ దాక్కున్నది చాలు, ఇంకా దాక్కోమంటావా అని అడిగారు. ఇద్దరూ ఒకరికోసం ఒకరు పంతానికి దిగారు. చిన్నప్పుడు ఎవరూ లేని మధ్యాహ్నాల్లో వీళ్లు ఇలాగే ఆడి ఉంటారని విశాలాక్షికి అనిపించింది.

చివరికి వెంకటేశం ఆమె వైపు తిరిగాడు. "గా చిట్టీ నీకే గద బిడ్డా దొరికింది. ఏం జేద్దమో నువ్వు చెప్పు."

మాస్టారు ఉత్తరం ఆమె చేతికి ఇచ్చేశారు. పరిశోధకురాలు తీర్పు చెప్పకూడదని దిద్దిన మనిషి, ఇప్పుడు ఆమె నోటివైపే చూస్తున్నారు.

ఆమె నోరు తెరిచేలోగా గేటు బయట స్కూటరు ఆగింది. సంఘం కార్యదర్శి ఉమాపతి దిగాడు. కెమిస్ట్రీ లెక్చరరు, ఏ పని చేసినా గడియారం చూసి చేసే మనిషి. చంకలో ఫైలు, చేతిలో జాబితా. ఆదివారం పొద్దున అధ్యక్షులవారిని సున్నం బకెట్టు పక్కన చూసి కొంచెం విస్తుపోయాడు. జాబితా తీసుకుని టైపు చేయించడానికి వెళుతున్నానని, పన్నెండు లోపల ముగించాలని చెప్పాడు.

"చివరి పేర్లేమైనా ఉంటే ఇప్పుడే చెప్పండి సార్. తరవాత చేర్చడం కుదరదు."

మాస్టారు వెంకటేశం వైపు చూశారు. వెంకటేశం వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"ఒక పేరుంది" అంది విశాలాక్షి.

ఉమాపతి జేబులోంచి పెన్ను తీసి మూత విప్పాడు. "ఎవరండీ? ఏ డిపార్టుమెంటు?"

ఆమె వెళ్లి వెంకటేశం పక్కన నిలబడి, "ఎం. వెంకటేశం. ఈ కోర్టుల మార్కరు" అంది.